చేతిలో చెంచా, చేతిలో మాట: చూపు, వినికిడి లేని పిల్లలతో మాట్లాడటం ప్రపంచం ఎలా నేర్చుకుంది?

 

ఒక్కసారి 2017 ఆగస్టుకి వెళ్దాం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో స్కూళ్లకి నర్సమ్మలు వచ్చారు. 9 నెలల పసిబిడ్డ దగ్గర్నుంచి 15 ఏళ్ల లోపు పిల్లల దాకా అందరికీ ఒక టీకా వేశారు. ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది అప్పుడు ఆ లైన్లో నిలబడే ఉంటారు. ముందున్న పిల్లాడు ఏడవడం చూసి మెల్లగా వెనక్కి జరిగినవాళ్లు కూడా ఉంటారు, నాకు తెలుసు. దాని పేరు ఎం.ఆర్. టీకా. ఎం అంటే మీజిల్స్, మన తట్టు. ఆర్ అంటే రూబెల్లా. తట్టు గురించి మన అమ్మమ్మలకి కూడా తెలుసు. ఆ ఆర్ ఎందుకు వచ్చి చేరిందో మాత్రం చాలామందికి తెలీదు.

రూబెల్లా మనకొస్తే పెద్ద జబ్బేం కాదు. నాలుగు రోజులు ఒళ్లు వెచ్చబడుతుంది, ఎర్రటి దద్దుర్లు వస్తాయి, పోతాయి. కానీ అదే జబ్బు కడుపుతో ఉన్న తల్లికి మొదటి మూడు నెలల్లో వస్తే, లోపలున్న బిడ్డ కళ్లు, చెవులు, గుండె దెబ్బతినొచ్చు. కొన్నిసార్లు కళ్లూ చెవులూ రెండూ.

మరి అలా పుట్టిన బిడ్డతో ఎలా మాట్లాడాలి? మనం చెప్పేది ఆ బిడ్డకి వినపడదు. మన సైగలు కనపడవు. ఆ బిడ్డ మనకేమైనా చెప్పాలనుకుంటే ఎలా చెబుతుంది? ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి ప్రపంచానికి దాదాపు 130 ఏళ్లు పట్టింది. ఈరోజు ఎపిసోడ్ ఆ 130 ఏళ్ల కథ.

మీరు అనుకుంటూ ఉంటారు, "హెలెన్ కెల్లర్ కథేగా, మాకు తెలుసులే" అని. స్కూల్లో పాఠం చదివాం. 2005లో వచ్చిన "బ్లాక్" సినిమా కూడా ఆమె జీవితం స్ఫూర్తితో తీసిందే. చేతి మీద నీళ్లు పడతాయి, టీచర్ చేతిలో "వాటర్" అని రాస్తుంది, పాపకి ఒక్కసారిగా అంతా అర్థమైపోతుంది. ఆ సీన్ నిజంగానే జరిగింది. కానీ దాన్ని అంతవరకే గుర్తుపెట్టుకోవడం వల్ల మనం ఒక అసలు విషయం మిస్సయ్యాం. అదేంటో చెప్తాను, కానీ ముందు ఇంకో పాప దగ్గరికి వెళ్లాలి.

ముందు ఒక మాట: డెఫ్‌బ్లైండ్ అంటే?

చూపు లోపం, వినికిడి లోపం రెండూ కలిసి ఉండటాన్ని డెఫ్‌బ్లైండ్‌నెస్ అంటారు. పుస్తకాల తెలుగులో బధిరాంధత్వం. వినగానే మనకి పూర్తి చీకటి, పూర్తి నిశ్శబ్దం గుర్తొస్తాయి. నిజానికి వీళ్లలో చాలామందికి కొంచెం చూపో, కొంచెం వినికిడో మిగిలే ఉంటుంది. వెలుతురు నీడ తేడా తెలియడం, పెద్ద చప్పుడు వినపడటం, అలా.

అయితే రెండు లోపాలు కలిస్తే జరిగేది మామూలు కూడిక కాదు. వినపడని బిడ్డ కళ్లతో సైగలు చూసి నేర్చుకుంటుంది. చూపు లేని బిడ్డ చెవులతో ఇల్లంతా పట్టేస్తుంది. కుక్కర్ విజిల్ వినపడితే అన్నం అవుతోందని, బండి చప్పుడు వినపడితే నాన్న వచ్చాడని తెలిసిపోతుంది. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుంది. రెండూ లేని బిడ్డకి ప్రపంచం చెయ్యి చాచినంత దూరమే. నోట్లోకి ఉన్నట్టుండి ముద్ద వస్తుంది, ఎక్కడి నుంచో తెలీదు. ఎవరో చెప్పాపెట్టకుండా ఎత్తుకుంటారు, ఎవరో తెలీదు. ఒంటి మీద నీళ్లు పడతాయి, ఎందుకో తెలీదు. ఆ బిడ్డ ఉలిక్కిపడి ఏడిస్తే, "మొండిది" అంటాం.

లారా: చేతికి మాట వచ్చింది, గొంతు మూగబోయింది

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, హనోవర్ అనే ఊరు. 1829 డిసెంబర్‌లో ఒక రైతు ఇంట్లో లారా బ్రిడ్జ్‌మన్ పుట్టింది. రెండేళ్ల వయసులో స్కార్లెట్ ఫీవర్ వచ్చింది. ప్రాణం దక్కింది కానీ చూపు పోయింది, వినికిడి పోయింది, వాసన, రుచి కూడా దాదాపు పోయాయి. మిగిలింది స్పర్శ ఒక్కటే.

అయినా లారా ఊరుకోలేదు. తనకి తానే సైగలు తయారుచేసుకుంది. మనిషిని ముందుకి తోస్తే "వెళ్లు". తన వైపు లాగితే "రా". ఒకాయన్ని చెప్పాలంటే తన చెంపల మీద వేళ్లు రాసుకునేది, ఆయన చెంపల మీది గడ్డం గుర్తుకి. ఇంకొకరిని చెప్పాలంటే చెయ్యి గుండ్రంగా తిప్పేది, రాట్నం గుర్తుకి. పక్కింటి పెద్దాయన ఒకరు ఉండేవారు, ఏసా టెన్నీ. ఇంట్లోవాళ్లకి పనుల వల్ల తీరిక లేకపోతే, ఆయనే లారా చెయ్యి పట్టుకుని పొలాల్లో, వాగు గట్టున తిప్పేవారు. ఏడేళ్ల పిల్ల, ఎవరూ నేర్పకుండా ఇంత భాష కూడబెట్టుకుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

1837లో బోస్టన్‌లోని పర్కిన్స్ అంధుల పాఠశాల డైరెక్టర్, డాక్టర్ శామ్యూల్ గ్రిడ్లీ హౌ, లారా గురించి విని ఆమెని స్కూలుకి తీసుకొచ్చారు. ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, లారా ఇప్పటికే మొదలుపెట్టిన సైగల్నే పెంచి పెద్ద భాషగా చెయ్యడం. రెండోది, వాటిని పక్కనపెట్టి అందరూ వాడే ఇంగ్లిష్ అక్షరాలు నేర్పడం. మొదటిది సులువే కానీ దాంతో ఎక్కువ దూరం పోలేం, రెండోది కష్టమే కానీ అది వస్తే ఏ విషయమైనా చెప్పుకోవచ్చు అని ఆయన లెక్క. రెండో దారే ఎంచుకున్నారు.

ఎలా చేశారంటే, చెంచా, కత్తి, తాళంచెవి లాంటి రోజూ చేతికి తగిలే వస్తువులు తీసుకున్నారు. వాటి మీద ఉబ్బెత్తు అక్షరాలతో పేరు చీటీలు అంటించారు. లారా చెంచాని తడుముతుంది, చీటీని తడుముతుంది. తర్వాత చీటీలు విడిగా ఇచ్చారు, ఏది దేనిదో జత చెయ్యాలి. చేసింది. తర్వాత చీటీల్ని ముక్కలు చేసి అక్షరాలు కలిపేశారు, మళ్లీ పేర్చాలి. అదీ చేసింది. కానీ అప్పటిదాకా అది ఆట లాంటిదే, అర్థం తెలిసి చేసింది కాదు. కొన్ని వారాల తర్వాత ఒకరోజు ఆమెకి తట్టింది. ఈ గీతలతో నా మనసులో ఉన్నది ఇంకొకరికి చేరవేయొచ్చు! ఆ తర్వాత చీటీల స్థానంలో వేళ్లతో అక్షరాలు వచ్చాయి. ఒకరి అరచేతిలో ఇంకొకరు వేళ్లతో ఒక్కో అక్షరం చూపిస్తూ మాట్లాడటం.

ఇది చరిత్రలో చాలా పెద్ద విషయం. అప్పటిదాకా ఇలాంటి పిల్లలకి చదువు రాదనే పెద్ద పెద్దవాళ్లు కూడా నమ్మేవారు. 1842లో రచయిత చార్లెస్ డికెన్స్ వచ్చి లారాని చూసి, తన అమెరికా ప్రయాణం పుస్తకంలో రాశారు. లారా పేరు ప్రపంచమంతా పాకింది.

ఇప్పుడు ఎవరూ అంతగా చెప్పని భాగం. లారాకి గొంతు ఉంది. తనకి దగ్గరైన ఒక్కొక్కరికీ ఒక్కో శబ్దం పెట్టుకుంది. ఆ మనిషి గుర్తొస్తే ఆ శబ్దం చేసేది. అంటే తను వినలేని పేర్లని తనే తయారుచేసుకుని, తనే పిలుచుకుంటోంది! ఫ్రాన్సిస్ లీబర్ అనే పండితుడు దీని మీద 1851లో ఒక పరిశోధన వ్యాసమే ప్రచురించారు. కానీ స్కూల్లో ఆ శబ్దాలు వినడానికి బాగోలేవని ఆపమనేవారు. అలా ఒక పక్క చేతికి భాష ఇస్తూనే, ఇంకో పక్క ఆ పిల్ల సొంతంగా చేసుకున్న భాషని నొక్కేశారు.

ఇంకోటి. చదువయ్యాక లారాని ఇంటికి పంపారు. పల్లెటూరి రైతు ఇల్లు, అందరికీ బోలెడు పని. కూర్చుని చేతిలో ఒక్కో అక్షరం చూపిస్తూ మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. లారా దిగులుతో చిక్కిపోయింది. మళ్లీ పర్కిన్స్‌కే తీసుకొచ్చారు. 1889లో చనిపోయేదాకా అక్కడే ఉంది. డాక్టర్ హౌ ప్లాన్‌లో అక్షరాలు ఉన్నాయి, వస్తువులు ఉన్నాయి, టీచర్లు ఉన్నారు. ఆమె ఇల్లు మాత్రం లేదు.

హెలెన్: పంపు దగ్గర జరిగింది, ఐదు రోజుల తర్వాత జరిగింది

డికెన్స్ రాసిన ఆ పుస్తకం నలభై ఏళ్ల తర్వాత అలబామా రాష్ట్రం టస్కంబియాలో ఒక తల్లి చదివింది. ఆమె పేరు కేట్ కెల్లర్. ఆమె కూతురు హెలెన్, 1880లో పుట్టి, 19 నెలల వయసులో జబ్బు చేసి చూపు, వినికిడి పోగొట్టుకుంది. ఆ పుస్తకం వల్లే ఆ ఇంట్లో ఆశ పుట్టింది. డాక్టర్లని కలిశారు, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్‌ని కలిశారు, ఆయన పర్కిన్స్‌కి రాయమన్నారు. పర్కిన్స్ వాళ్లు పంపింది ఆన్ సలివాన్‌ని. వయసు 20. మీలో చాలామంది వయసే.

ఆన్‌కి కూడా చూపు సరిగా ఉండేది కాదు. అనాథగా పేదల ఆశ్రమంలో పెరిగి, పర్కిన్స్‌లో చదువుకుంది. అక్కడే, అప్పటికి పెద్దావిడైన లారాతో కలిసి ఉంటూ చేతిలో మాట్లాడటం నేర్చుకుంది. ఉద్యోగానికి బయల్దేరే ముందు నెలల తరబడి డాక్టర్ హౌ రాసిన రికార్డులన్నీ చదివింది. 1887 మార్చి 3న టస్కంబియాలో దిగినప్పుడు హెలెన్ కోసం తెచ్చిన బొమ్మకి బట్టలు కుట్టింది కూడా లారానే. అంటే ఆ రోజు ఆ ఇంటికి వచ్చింది ఒక మ్యాజిక్ టీచర్ కాదు. యాభై ఏళ్ల అనుభవం వచ్చింది.

ఇక హెలెన్ కూడా ఖాళీ పలక కాదు. ఆన్ వచ్చేటప్పటికే సుమారు 60 సొంత సైగలు ఉన్నాయి. రొట్టె కావాలంటే ముక్కలు కోసి వెన్న రాసినట్టు చేసేది. ఐస్‌క్రీమ్ కావాలంటే మర తిప్పినట్టు చేసి, చలికి వణికేది. చెప్పాలనుకున్నది ఎదుటివాళ్లకి అర్థం కాకపోతే మాత్రం కిందపడి గోల.

మొదటి వారాలు నిజంగా యుద్ధమే. అన్నం దగ్గర హెలెన్ అందరి పళ్లాల్లో చెయ్యి పెట్టి తినేది. ఆన్ భోజనాల గది తలుపు వేసి, ఇంట్లోవాళ్లని బయటికి పంపి, చేతికి చెంచా ఇచ్చింది. హెలెన్ విసిరేసింది. మళ్లీ ఇచ్చింది. మళ్లీ విసిరేసింది. ఈ సీన్ సినిమాల్లో మనకి బాగా నచ్చుతుంది. కానీ నిజం చెప్పాలంటే, ఈ రోజు డెఫ్‌బ్లైండ్ పిల్లలతో పనిచేసేవాళ్లు ఎవరూ ఇలా బలవంతంగా మొదలుపెట్టమని చెప్పరు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

ఏప్రిల్ 5న పంపు దగ్గర సీన్. అప్పటిదాకా "మగ్గు", "నీళ్లు" ఈ రెండు మాటలూ హెలెన్‌కి కలిసిపోయేవి. మగ్గులో నీళ్లుంటాయి కదా, చేతిలో రాసింది గిన్నె పేరా, లోపలున్నదాని పేరా? చాలా న్యాయమైన డౌటు. మగ్గుతో సంబంధం లేకుండా నీళ్లే చేతి మీద పారినప్పుడు ఆ ముడి విడిపోయింది. ఆ రోజు కొన్ని గంటల్లోనే 30 మాటలు నేర్చుకుంది.

అందరూ కథ ఇక్కడ ఆపేస్తారు. అసలు మలుపు ఐదు రోజుల తర్వాత ఉంది. ఆన్ ఆ ఇంట్లో 15 నెలల ఇంకో పాపని గమనించింది, హెలెన్‌కి చుట్టాల పిల్ల. ఆ పాపకి ఎవరూ టైమ్‌టేబుల్ పెట్టి పాఠం చెప్పట్లేదు. అందరూ మామూలుగా మాట్లాడుతున్నారు, పాప తిరిగి మాట్లాడలేకపోయినా అర్థం చేసుకుంటోంది. ఆన్‌కి వెలిగింది. మరి హెలెన్‌కి మాత్రం ఒక్కో పదం ఎందుకు పరీక్ష పెట్టినట్టు చెప్పాలి? పసిపిల్లల చెవిలో మాట్లాడినట్టే ఈ పిల్ల చేతిలో మాట్లాడదాం! ఆ రోజు నుంచి పాఠాల గంట మానేసింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పూర్తి వాక్యాలతో చేతిలో మాట్లాడింది. మాట అందని చోట హెలెన్ సొంత సైగల్నే వాడి అర్థం పూరించింది.

చూశారా? డాక్టర్ హౌ పక్కన పెట్టిన దారిని ఆన్ మళ్లీ కలిపింది. పిల్ల దగ్గర ఉన్న సైగలు వంతెన అయ్యాయి, అక్షరాలు ఆ వంతెన మీద నడిచాయి. 1904లో హెలెన్ డిగ్రీ పూర్తిచేశారు. 1955లో ఇండియాకి వచ్చి నెహ్రూని కూడా కలిశారు.

కానీ ప్రపంచం ఈ కథ నుంచి నేర్చుకున్నది ఏంటంటే, "ఒక అద్భుతమైన టీచర్ దొరికితే, ఒక అద్భుతమైన పిల్ల మాట్లాడుతుంది" అని. మరి మామూలు పిల్లల సంగతి? మామూలు టీచర్ల సంగతి?

20,000 మంది పిల్లలు పాత పద్ధతికి అందలేదు

ఇప్పుడు ఆ ఆర్ దగ్గరికి వద్దాం. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్ ఒక విషయం గమనించారు. పుట్టుకతో కంట్లో శుక్లాలున్న పసిపిల్లలు చాలామంది వస్తున్నారు. తల్లుల్ని అడిగితే, వాళ్లలో చాలామందికి కడుపుతో ఉన్నప్పుడు రూబెల్లా వచ్చింది. అప్పటిదాకా చిన్న జబ్బు అనుకున్నది బిడ్డకి అంత ప్రమాదమని మొదట చెప్పింది ఆయనే.

టీకా మాత్రం ఇంకా లేదు. 1964, 65లో అమెరికాలో రూబెల్లా విరుచుకుపడింది. సుమారు 20,000 మంది పిల్లలు ఆ జబ్బు దెబ్బతో పుట్టారు. వేలమందికి వినికిడి పోయింది, వేలమందికి చూపు పోయింది, చాలామందికి రెండూ. టీకా వచ్చింది 1969లో.

ఈ పిల్లలు స్కూళ్లకి వచ్చేసరికి టీచర్లు చేతులెత్తేశారు. కారణం ఏంటంటే, లారా రెండేళ్లు, హెలెన్ 19 నెలలు కళ్లతో చూసి, చెవులతో విని, ఆ తర్వాత పోగొట్టుకున్నారు. ప్రపంచం అనేది ఒకటుందని, మనుషులు మాట్లాడుకుంటారని వాళ్లకి ఎక్కడో లోపల తెలుసు. పుట్టుకతోనే రెండూ లేని బిడ్డ చేతిలో అక్షరాలు రాస్తే అది ఒట్టి గిలిగింతే. అక్షరం కన్నా ముందు ఉండాల్సిన మెట్లు ఏవో ఉన్నాయి, అవి ఎవరూ కట్టలేదు.

ఆ మెట్లు కట్టినవాళ్లలో ముఖ్యులు యాన్ వాన్ డైక్. నెదర్లాండ్స్‌లో సింట్ మిఖిల్స్‌గెస్టెల్ అనే ఊళ్లో బధిరుల సంస్థలో, 1960లలో రూబెల్లా పిల్లలతో పనిచేశారు. ఆయన ప్రశ్నే వేరు. "ఈ బిడ్డకి ఏం నేర్పాలి?" అని మొదలుపెట్టలేదు. "ఈ బిడ్డ ఇప్పుడు ఏం చేస్తోంది?" అని చూశారు.

బిడ్డ కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది అనుకోండి. మనమైతే "ఊగకు" అని ఆపుతాం. ఆయన పద్ధతిలో పెద్దవాళ్లు ఆ బిడ్డని ఆనుకుని కూర్చుని, అదే వేగంతో కలిసి ఊగుతారు. కాసేపయ్యాక ఆగుతారు. ఎదురుచూస్తారు. బిడ్డ చిన్నగా కదులుతుంది, భుజంతో ఒక్కసారి నెడుతుంది. వెంటనే మళ్లీ ఊగుతారు. ఆ చిన్న నెట్టుడుకి అర్థం "ఇంకా". ఆ బిడ్డ జీవితంలో అది మొదటి మాట. నేను ఏదో చేస్తే అవతల మనిషి స్పందిస్తోంది అనే నమ్మకం అక్కడ పుడుతుంది. అది పుట్టాక కలిసి కదలడం, తర్వాత అనుకరించడం, తర్వాత వస్తువులతో గుర్తులు, తర్వాత సైగలు, చివరికి భాష.

సరిగ్గా అదే కాలంలో సోవియట్ రష్యాలో అలెగ్జాండర్ మెష్చెర్యకోవ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో వైపు నుంచి ఇక్కడికే వచ్చారు. 1963లో మాస్కో దగ్గర జగోర్స్క్‌లో డెఫ్‌బ్లైండ్ పిల్లల కోసం ఒక ఇల్లు మొదలైంది. అక్కడ మొదటి పాఠం అక్షరం కాదు, చెంచా. పెద్దవాళ్ల చెయ్యి, పిల్ల చెయ్యి కలిసి చెంచా పట్టుకుంటాయి, గిన్నెలోకి, నోట్లోకి. పిల్ల చెయ్యి కొంచెం తనంతట తాను కదిలిన క్షణంలో పెద్దవాళ్లు తమ బలం అంత తగ్గిస్తారు. పిల్ల ఆగితే మళ్లీ అందుకుంటారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే ఒక సంభాషణ. తర్వాత అన్నానికి ముందు పిల్ల తనే చెయ్యి చెంచా పట్టినట్టు కదిపితే, అది "అన్నం" అనే సైగ అయిపోతుంది. అక్కడ పెరిగిన నలుగురు 1971లో మాస్కో యూనివర్సిటీలో చేరి, 1977లో డిగ్రీ తీసుకున్నారు. ఆ నలుగురూ పుట్టుకతో పూర్తిగా చూపూ వినికిడీ లేనివాళ్లు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. అయినా చిన్న విషయమేం కాదు.

ఇప్పుడు పోల్చి చూడండి. డాక్టర్ హౌ చెంచా మీద పేరు అంటించారు. ఆన్ చెంచాని బలవంతంగా చేతిలో పెట్టింది. జగోర్స్క్‌లో చెంచాని ఇద్దరూ కలిసి పట్టుకున్నారు. 130 ఏళ్లలో జరిగిన మార్పు అంతా ఆ ఒక్క వస్తువులో ఉంది.

మరి ఇవాళ ప్లాన్ ఎలా ఉంటుంది?

ఈ అనుభవాలన్నీ కలిసి తర్వాత ఒక పద్ధతిగా మారాయి. మన ఇంట్లోనే ఒక నాలుగేళ్ల పాప ఉంది అనుకుందాం. కొంచెం వెలుతురు తెలుస్తుంది, వినపడదు. ఏం చేస్తారు?

మొదట, చూపు, వినికిడి ఎంత మిగిలాయో పరీక్ష చేయించాలి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉపయోగపడితే పెట్టాలి. ఏ వైపు నుంచి వస్తే పాపకి తెలుస్తోంది, ఏ వెలుతురులో బాగుంటోంది, రాసుకోవాలి.

రెండోది, నేర్పడం ఆపి గమనించడం. పాప ఏదైనా వద్దనుకుంటే ఏం చేస్తోంది? ఇంకా కావాలంటే? ఎవరైనా దగ్గరుండాలంటే? 1990లో అమెరికాలో ఛారిటీ రోలాండ్ అనే పరిశోధకురాలు దీనికి కమ్యూనికేషన్ మ్యాట్రిక్స్ అనే పట్టిక తయారుచేశారు. అందులో ఏడు మెట్లు. అన్నిటికన్నా కింద, చెప్పాలనే ఉద్దేశం లేకుండా ఒళ్లు బిగపట్టడం, ఏడవడం. అన్నిటికన్నా పైన పూర్తి భాష. మధ్యలో లాగడం, చూపించడం, వస్తువు ఇవ్వడం లాంటివి. మనిషి ఏది చెప్పినా నాలుగు కారణాలకే చెబుతాడంటుంది ఆ పట్టిక: వద్దనడానికి, కావాలనడానికి, మనుషులతో కలవడానికి, సమాచారం ఇవ్వడానికి లేదా అడగడానికి. దీన్ని నింపేటప్పుడు చాలా ఇళ్లలో తెలిసేది ఏంటంటే, "ఏమీ మాట్లాడదు" అనుకున్న పాప రోజంతా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. చెయ్యి కొరకడం అల్లరి కాదు, "వద్దు" అనే మాట. దానికి ఇంకో మాట దొరికేదాకా ఆ కొరకడం ఆగదు.

మూడోది, ఎవరొచ్చారో చెప్పడం. ప్రతి మనిషికి ఒక గుర్తు. నానమ్మ అయితే తన గాజుల్ని పాప చేత తడిమిస్తుంది. నాన్న అయితే వాచీ. వెనక నుంచి వచ్చి ఎత్తేయడం ఉండదు. ముందు భుజం మీద చెయ్యి, ఒక్క క్షణం ఆగడం, తర్వాత చేతుల కింద తట్టి "ఎత్తుకుంటున్నా" అని గుర్తు, అప్పుడు ఎత్తుకోవడం.

నాలుగోది, వస్తువులే మాటలు. అన్నానికి ముందు పాప చేతికి చెంచా. స్నానానికి ముందు మగ్గు. రోజూ అదే చెంచా, అదే మగ్గు. ఇక్కడ మనం చేసే పొరపాటు ఒకటుంది. బస్సులో వెళ్తున్నాం అని చెప్పడానికి బజార్లో దొరికే బొమ్మ బస్సు ఇస్తాం. మన కంటికి అది బస్సే. పాప వేళ్లకి అది అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ ముక్క. ఆమెకి తెలిసిన బస్సు అంటే చేత్తో పట్టుకునే కమ్మీ, లేదా ప్రతిసారీ భుజానికి వేసుకునే సంచి పట్టీ. గుర్తు పాప చేతి అనుభవం నుంచి రావాలి, మన కంటి నుంచి కాదు.

ఐదోది, క్యాలెండర్ పెట్టె. గదులున్న ఒక పెట్టెలో ఎడమ నుంచి కుడికి ఆ రోజు జరిగేవి వరుసగా పెడతారు. బ్రష్, చెంచా, మగ్గు, సంచి పట్టీ. ఒక పని కాగానే ఆ వస్తువుని "అయిపోయింది" బుట్టలో వెయ్యాలి. వాన్ డైక్ పని నుంచే ఈ పద్ధతి పెరిగింది. ఆలోచించండి, మనం ఫోన్‌లో టైమ్ చూసుకుంటాం, రేపు ఏముందో చూసుకుంటాం. ఈ పాపకి "తర్వాత" అనే మాటే మొదటిసారి ఆ పెట్టెలో దొరుకుతుంది. ఏం జరగబోతోందో తెలిసిన బిడ్డకి భయం తగ్గుతుంది.

ఆరోది, చెయ్యి ఎక్కడ పెట్టాలి అన్నది. పాప చెయ్యి పట్టుకుని లాగి దేనిమీదో పెడితే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. మన చెయ్యి ఆమె చేతి కింద ఉండాలి. మనం చేస్తుంటే ఆమె మన చేతి మీదుగా తెలుసుకుంటుంది, వద్దనుకుంటే తీసేస్తుంది. ఎందుకంటే ఆ చేతులే ఆమె కళ్లు, ఆమె చెవులు, ఆమె నోరు కూడా. ఎవరైనా మన మొహం పట్టుకుని "అటు చూడు" అని తిప్పేస్తే ఎలా ఉంటుంది? ఆన్ చేసిన ఆ చెంచా యుద్ధాన్ని ఇవాళ ఎందుకు వద్దంటారో అర్థమైందిగా.

చివరిది, ఇదంతా ఒక పేపరు మీద ఉండాలి, ఇంట్లో, స్కూల్లో అందరూ ఒకేలా చెయ్యాలి. అమ్మ ఒక గుర్తు, టీచర్ ఒక గుర్తు, అత్త ఇంకో గుర్తు వాడితే పాపకి అది భాష కాదు, గందరగోళం. లారా ఇంటికెళ్లి ఎందుకు చిక్కిపోయిందో గుర్తుందిగా? ఒక్క టీచర్‌కే వచ్చిన భాష ఆ టీచర్ వెళ్లిపోతే పోతుంది.

మన దగ్గర

ఇండియాలో ఈ పని 1977లో ముంబైలో మొదలైంది. బెరోజ్ వాచా గారు అక్కడ హెలెన్ కెల్లర్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1997లో అహ్మదాబాద్ కేంద్రంగా సెన్స్ ఇంటర్నేషనల్ ఇండియా వచ్చింది. కానీ లెక్కల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. 2011 జనాభా లెక్కల్లో డెఫ్‌బ్లైండ్ వాళ్లకంటూ ఒక ప్రత్యేక గడి లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో బహుళ వైకల్యం కింద ఈ పేరు స్పష్టంగా రాశారు. పేరు ఉంటేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే మిగతావి.

మన రెండు రాష్ట్రాల్లో కూడా 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పరీక్షలు చేస్తారు. దాని కింద జిల్లా స్థాయిలో చిన్నపిల్లల లోపాల్ని త్వరగా గుర్తించే కేంద్రాలు పెట్టారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత సెంటర్లు ఉన్నాయి. మీ వీధిలో అలాంటి పాప ఉంటే, "పెద్దయ్యాక చూద్దాంలే" అని ఆగకుండా అక్కడికి వెళ్లమని చెప్పండి. ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మంచిది.

ఇంకో మంచి మాటతో ముగిస్తాను. 2007 ప్రాంతంలో అమెరికాలోని సియాటిల్‌లో డెఫ్‌బ్లైండ్ వాళ్లే, ఎ.జె. గ్రాండా, జెలికా నుచియో అనే ఇద్దరు ముందుండి, ప్రోటాక్టైల్ అనే కొత్త పద్ధతికి ప్రాణం పోశారు. అందులో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వాళ్ల తొడ మీదో చేతి మీదో తడుతూ "ఊ, ఊ, అవునా" అంటూ ఉంటారు. నవ్వితే ఆ నవ్వు కూడా వేళ్లతో తెలుస్తుంది. పూర్తిగా స్పర్శ మీద పుట్టిన భాష. లారా 1837లో తన చిన్న చేతులతో మొదలుపెట్టింది కూడా ఇదే. అప్పుడు వద్దన్నారు. 170 ఏళ్ల తర్వాత అదే దారిలో వాళ్లే నడిచి చూపించారు.

అందుకే హెలెన్ కెల్లర్ కథ మళ్లీ ఎవరికైనా చెప్పేటప్పుడు పంపు దగ్గర ఆపకండి. నీళ్లు పడకముందే ఆ పాప దగ్గర 60 మాటలు ఉన్నాయని చెప్పండి. ఏ పాప దగ్గరైనా ఎన్నో కొన్ని ఉంటాయి. ముందు మనం వాటిని వినాలి.

మీకు తెలిసిన టీచర్‌కో, అంగన్‌వాడీ అక్కకో, ఇలాంటి పిల్లలున్న ఇంటికో ఈ ఎపిసోడ్ పంపండి.